గూటికి ఎంత దూరంలో నిలబడాలి?

మే నెల మిట్టమధ్యాహ్నం. గుంటూరు, విజయవాడల మధ్య ప్లాట్లు కొట్టి వదిలేసిన ఒక వెంచర్. గ్రావెల్ రోడ్డు పక్కన కంకర మధ్య చిన్న గుంట, అందులో నాలుగు గుడ్లు. మట్టిరంగు మీద నల్లటి మచ్చలు; వేలు పెట్టి చూపిస్తే తప్ప కంటికి ఆనవు. వాటి దగ్గర తీతువు పిట్ట కూర్చుని లేదు, నిలబడి ఉంది. నోరు తెరిచి రొప్పుతూ, తన నీడ సరిగ్గా గుడ్ల మీద పడేలా నిలబడింది. కొంతసేపటికి జత పక్షి వచ్చి కాపలా మారుతుంది. వచ్చేటప్పుడు దగ్గర్లోని ఏ నీటి గుంటలోనో పొట్ట ఈకలు తడుపుకుని వస్తుంది. ఆ తడి గుడ్లకు అంటి అవి చల్లబడతాయి.

పక్షి గుడ్లను వెచ్చగా ఉంచడానికే పొదుగుతుందని బడిలో చదువుకున్నాం. మన ఎండలకు ఆ మాట సగమే నిజం. చాలా పక్షుల గుడ్లలో పిండం ఎదగడానికి సుమారు 37, 38 డిగ్రీల వేడి సరిపోతుంది. 41 దాటితే పిండం ప్రాణానికే ముప్పు. రోహిణి కార్తెలో నీడపట్టునే 43, 44 డిగ్రీలు చూసే ఊళ్లు మనవి. ఎండలో కాగిన కంకర నేల 50 దాటిపోతుంది. గుడ్లు ఉడికిపోకుండా కాయడమే అప్పుడు ఆ తల్లి పని. కెమెరా పట్టుకున్న మనిషి పదిహేను మీటర్ల దగ్గరికి వచ్చి మోకాళ్ల మీద కూర్చుంటే తీతువు లేచిపోతుంది, తల మీద చక్కర్లు కొడుతూ అరుస్తుంది. ఎగిరే పక్షి ఫొటోలు బాగానే వస్తాయి. ఆ పది నిమిషాలూ గుడ్లు మాత్రం ఎండలో ఉంటాయి.

చిక్కంతా ఆ తర్వాతే. మర్నాడు వెళ్లి చూసినా గుడ్లు అలాగే ఉంటాయి. తల్లి మళ్లీ వాటి మీదే ఉంటుంది. లోపల పిండం చచ్చిపోయిందని బయటికి ఏ గుర్తూ కనిపించదు. తీతువు గుడ్లు పిల్లలు కావడానికి 28 నుంచి 30 రోజులు పడుతుంది. ఆ గడువు దాటాకే సంగతి బయటపడుతుంది. అప్పటికి ఫొటో తీసిన మనిషి ఆ దారినే మరిచిపోయి ఉంటాడు. తాను ఏ తప్పూ చేయలేదనే అనుకుంటాడు కూడా.

అందుకే ‘గూటికి ఎన్ని మీటర్ల దూరంలో ఉండాలి’ అన్న ప్రశ్నకు ఒక్క అంకె చెప్పి ఊరుకోవడం కుదరదు. గూడు ఏ రోజులో ఉంది, ఎండ ఎంత ఉంది, మన కళ్లు ఎటు చూస్తున్నాయని పక్షి అనుకుంటోంది అనేవి తెలిస్తేనే ఆ అంకెకు అర్థం.

గూడుకూ వయసు ఉంటుంది

విజయవాడ అపార్టుమెంట్ల బాల్కనీల్లో తేనెపిట్టలు గూడు పెట్టడం మామూలే. బట్టలారేసే తీగకో, ఎండిన మనీప్లాంట్ తీగకో, పాత కేబుల్ వైరుకో వేలాడే సంచి లాంటి గూడు అది. సాలెగూడు దారాలు, ఎండు గడ్డి, బెరడు పొరలు కలిపి ఆడపక్షి కడుతుంది. పక్కన చిన్న ద్వారం, దాని పైన చూరు. కట్టడం మొదలైన తొలి వారంలో పక్షికి ఆ చోటు మీద ఇంకా మమకారం కుదరదు. మనం రెండు మూడుసార్లు దగ్గరికెళ్లి చూస్తే చాలు, సగం కట్టిన గూడు వదిలేసి పోతుంది. ఫొటోల కోసం చేరకూడని దశల్లో ఇది మొదటిది. చాలామంది సరిగ్గా అప్పుడే ఉత్సాహపడతారు, ఎందుకంటే గూడు కంటపడేది అప్పుడే.

గుడ్లు పెట్టిన తొలి రోజులూ అంతే. తేనెపిట్ట సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది. రెండు వారాలకు కాస్త అటూ ఇటూగా పిల్లలు బయటికొస్తాయి. పొదగడానికి పెట్టిన రోజులు పెరిగేకొద్దీ తల్లి ఆ గూటిని అంత తేలిగ్గా వదలదు. అలాగని మనం దగ్గరికి జరగొచ్చని కాదు. పక్షి లేచిపోకుండా బిగుసుకుని కూర్చుందంటే భయపడలేదని అర్థం కాదు, భయాన్ని ఓర్చుకుంటోందని అర్థం.

పిల్లలు పుట్టిన మొదటి నాలుగైదు రోజులు మరీ సున్నితం. ఒంటి మీద ఈక ఉండదు, కళ్లు తెరవవు, ఒంటి వేడిని అదుపులో ఉంచుకోవడం చేతకాదు. పొద్దున చలికి తల్లి కప్పాలి, మధ్యాహ్నం ఎండకు తల్లే నీడ పట్టాలి. ఆ తర్వాత రెక్కల మీద ముళ్లలాగా ఈకల గొట్టాలు పొడుచుకొస్తాయి. ఫొటోలకు అసలైన రోజులు అప్పుడు మొదలవుతాయి. తల్లీతండ్రీ తిండి తేవడంలో మునిగిపోయి ఉంటాయి, పిల్లలు నోళ్లు బార్లా తెరుస్తాయి, తెల్లటి సంచిలో చుట్టినట్టుండే పిల్లల రెట్టను తల్లి ముక్కున కరుచుకుని దూరంగా పారేసి వస్తుంది. తిండి తెచ్చిన పక్షి తిరిగి వెళ్తూ ముక్కున ఏదో తెల్లగా పట్టుకెళ్లిందంటే గూట్లో పిల్లలు ఉన్నాయని రూఢి. గూటిలోకి తొంగి చూడాల్సిన పనే లేదు.

చివరి మూడు నాలుగు రోజులు మళ్లీ దూరంగా జరగాల్సిన రోజులు. ఈకలు నిండిన పిల్లలు అప్పటికి మనిషిని చూసి భయపడటం నేర్చేస్తాయి. దగ్గరికి వెళ్తే అన్నీ ఒక్కసారిగా గూటిలోంచి దూకేస్తాయి. ఎగరడం రాదు. మళ్లీ పట్టి గూటిలో పెట్టినా ఆగవు, మళ్లీ దూకుతాయి. ఆ రాత్రి పిల్లికో, పాముకో ఆహారం. పికిలిపిట్ట సంగతే తీసుకుంటే, పిల్లలు పుట్టింది మొదలు ఎగిరిపోయే దాకా రెండు వారాలలోపే. అందులో నాలుగు రోజులు ముందు, నాలుగు రోజులు వెనక తీసేస్తే ఫొటోలకు మిగిలేది అయిదారు రోజులు. ఆ అయిదారు రోజుల్లో కూడా పొద్దున తొమ్మిదిలోపు ఒక గంట.

పిట్ట మన చూపును చదువుతుంది

పసిరిక పిట్టలు ఇసుక గట్లలో సొరంగం తవ్వి గుడ్లు పెడతాయి. కాలువ గట్లు, చెరువు మట్టి తవ్విన గోతుల అంచులు వాటికి ఇష్టం. ఈ పిట్టల మీద మన దేశ పరిశోధకులు చేసి 2002లో ప్రచురించిన ఒక అధ్యయనం, గూళ్ల దగ్గర కెమెరా పట్టేవాళ్లందరూ తెలుసుకోవాల్సింది. గూటికి ఒకే దూరంలో రెండు చోట్ల మనిషిని నిలబెట్టారు. ఒక చోటు నుంచి సొరంగం ద్వారం కనిపిస్తుంది, మరో చోటు నుంచి కనిపించదు. ద్వారం కనిపించే చోట మనిషి ఉన్నప్పుడు పిట్ట లోపలికి వెళ్లడానికి వెనకాడింది. కనిపించని చోట ఉన్నప్పుడు అంతగా సంకోచించలేదు. మనిషి ఉన్నాడా అన్నది కాదు, ఆ మనిషికి ఏం కనిపిస్తోంది అన్నది దాని లెక్క.

దీన్నిబట్టి చేయాల్సిన పని తేలిక. ద్వారానికి ఎదురుగా నిలబడొద్దు. పక్షి వచ్చి మొదట వాలే కొమ్మ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. తిండి ముక్కున పెట్టుకుని అటూ ఇటూ చూసి, ఆ తర్వాతే గూటికి వెళ్తుంది. లెన్స్ ఆ కొమ్మ మీద పెట్టండి. ముక్కులో తూనీగ పట్టుకున్న పసిరిక పిట్ట ఫొటో, సొరంగంలోకి దూరే తోక ఫొటో కంటే నూరు రెట్లు నయం.

మనం ఎక్కువ దగ్గరికి వచ్చామని పక్షి చెబుతూనే ఉంటుంది. ముక్కున పురుగు ఉంది, గూటికి వెళ్లడం లేదు. కొమ్మ మారుస్తోంది, తోక విదిలిస్తోంది, ఒకే స్వరంతో పదేపదే కూస్తోంది. కాసేపటికి ఆ పురుగును తానే మింగేసిందంటే పిల్లల నోటి దగ్గరి కూడు మనవల్ల పోయిందనే. అప్పటికప్పుడు వెనక్కి నడవండి. మనం ఒక చోట కూర్చున్న పది నిమిషాల్లో పక్షి గూటికి రాకపోతే ఆ చోటు సరైంది కాదు. వేసవిలో పది నిమిషాలు కూడా ఎక్కువే. నేల మీద గుడ్లు పెట్టే తీతువు లాంటి వాటి దగ్గర, ఎండ ఎక్కాక అసలు ప్రయత్నించకండి.

ఇంకొకటి చూస్తూ ఉంటుంది: కాకి. మనిషి ఒక పొద దగ్గరికి రోజూ వెళ్లి, వంగి చూసి వస్తుంటే అక్కడ ఏదో ఉందని కాకి గమనిస్తుంది. వచ్చిన దారిలో గడ్డి నలిగి బాట పడితే పిల్లికి, ముంగిసకు అదే దారి. ఫ్రేముకు అడ్డం వచ్చిందని ఒక ఆకు తుంచినా, కొమ్మ పక్కకు వంచి కట్టినా ఆ ఆకు ఎండకు గొడుగు, కాకికి తెర అని మరిచినట్టే. జిట్ట పిట్ట ఆకుల అంచులు దారంతో కుట్టి గూడు చేస్తుంది. ఆ ఆకును ఒక్కసారి వెడల్పు చేసి చూస్తే కుట్లు తెగుతాయి. అడ్డం వచ్చిన ఆకుతో సహా ఫొటో తీయండి. గూడు అక్కడ ఎందుకు ఉందో ఆ ఆకే చెబుతుంది.

ఉప్పలపాడు చెరువు గట్టు మీద

గుంటూరుకు దగ్గర్లో, పెదకాకాని మండలంలోని ఉప్పలపాడు చెరువు మన ప్రాంతంలో గూళ్లు చూడటానికి అన్నిటికంటే సులువైన చోటు. నీళ్ల మధ్య సర్కారు తుమ్మ చెట్లు, అవి చాలక నిలబెట్టిన ఇనుప స్టాండ్లు. వాటి మీద గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు (పెయింటెడ్ స్టార్క్), నత్తగుల్ల కొంగలు (ఓపెన్‌బిల్), తెల్ల కంకణాలు (ఐబిస్), నీటికాకులు కిక్కిరిసి గూళ్లు పెడతాయి.

ముందు ఒక అపోహ తీసేయాలి. వీటిని ‘సైబీరియా కొంగలు’ అని బోలెడుమంది అంటారు, పేపర్లలోనూ వస్తుంటుంది. గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల పక్షులు. వానలు కురిసి చెరువులు నిండి చేపలు, నత్తలు దొరికే కాలం చూసుకుని ఒక చెరువు నుంచి మరో చెరువుకు, ఒక జిల్లా నుంచి మరో రాష్ట్రానికి తిరుగుతాయి, అంతే. చలికాలంలో నిజంగా దూరదేశాల నుంచి వచ్చే పక్షులు వేరే ఉన్నాయి. జొన్నచేల మీద మబ్బులా వాలే గులాబీ గోరింకలు మధ్య ఆసియా వైపు నుంచి వస్తాయి. అవి ఇక్కడ గూడు పెట్టవు. వాటి సంసారమంతా అక్కడే. ఇక్కడ గూడు పెట్టింది అంటే అది మన పక్షి. ఈ తేడా తెలిస్తే బాధ్యత ఎవరిదో కూడా తెలుస్తుంది. ఈ చెరువు ఎండిపోతే వాటికి తిరిగి వెళ్లే సైబీరియా లేదు.

గుంపు గూళ్ల దగ్గర ప్రమాదం కూడా గుంపుగానే వస్తుంది. డప్పు మోతకో, డ్రోన్‌కో, రాయి విసిరినందుకో పెద్ద పక్షులన్నీ ఒక్కసారి లేస్తే కాకులు, గద్దలు ఆ అర నిమిషంలోనే గుడ్లు ఎత్తుకుపోతాయి. అందుకని గట్టు దిగి నీళ్ల అంచుకు వెళ్లాల్సిన అవసరమే పెట్టుకోవద్దు. అవసరం లేదని లెక్క వేసి చూడొచ్చు. లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను పక్షి ఎత్తుతో గుణించి దూరంతో భాగిస్తే సెన్సర్ మీద పడే బొమ్మ ఎత్తు వస్తుంది. ఎర్రకాళ్ల కొంగ దాదాపు మీటరు ఎత్తు. 400 మిల్లీమీటర్ల లెన్స్‌తో 50 మీటర్ల నుంచి తీస్తే బొమ్మ 8 మిల్లీమీటర్లు. మామూలు క్రాప్ సెన్సర్ ఎత్తు 15 మిల్లీమీటర్ల పైచిలుకు. అంటే ఫ్రేములో సగం కొంగే. అదే లెన్స్‌తో పది సెంటీమీటర్ల తేనెపిట్టను అంత పెద్దగా చూపాలంటే 5 మీటర్లకు రావాలి. పిట్ట చిన్నదయ్యేకొద్దీ దగ్గరికి వెళ్లాలన్న ఆశ పెరుగుతుంది, చిన్న పిట్ట గూళ్లు ఎక్కువగా పాడయ్యేది అందుకే. 24 మెగాపిక్సెళ్ల ఫొటోలో అడ్డం నిలువు సగానికి కత్తిరించినా 6 మిగులుతాయి. ఫోన్ తెరకూ, పత్రికలో అరపేజీకీ అది చాలు. అయిదు మీటర్లు ముందుకు నడిచే బదులు కంప్యూటర్ ముందు కత్తిరించుకోండి.

పొద్దున గట్టుకు తూర్పు వైపు నిలబడితే సూర్యుడు వీపు వెనక ఉంటాడు, సాయంత్రం పడమర వైపు. చలికాలంలో పొద్దు పొడిచేది ఆరున్నర దాటాకే కాబట్టి తెల్లవారుజామున పరుగెత్తాల్సిన పనిలేదు. ముదురు ఆకుపచ్చ తుమ్మ ముందు తెల్లటి కొంగ ఉంటే కెమెరా మోసపోయి వెలుగు పెంచేస్తుంది, ఈకలు సున్నం కొట్టినట్టు వస్తాయి. ఎక్స్‌పోజర్‌ను మూడింట రెండు వంతుల స్టాపు నుంచి ఒక స్టాపు దాకా (ఒక స్టాపు తగ్గిస్తే వెలుగు సగమవుతుంది) తగ్గించండి. నిలబడి ఉన్న పక్షికి షట్టర్ స్పీడ్ సెకనులో 500వ వంతు సరిపోతుంది. గూటిలో దిగుతున్న కొంగకు 1600వ వంతు, కొట్లాటకు, మేత పెట్టే క్షణానికి 2000వ వంతు కావాలి. ఎండ ముదిరాక దూరపు ఫొటోలన్నీ మెత్తగా, నీళ్లలో కదిలినట్టు వస్తే లెన్స్ తప్పు కాదు. వేడెక్కిన గాలి తరగలవి. ఏ ఖరీదైన లెన్సూ దాన్ని సరిచేయలేదు, మర్నాడు పొద్దున రావడమే దారి.

చూడాల్సింది ఎంతో ఉంది. ఎండ పెరగగానే ఎర్రకాళ్ల కొంగ సూర్యుడికి అడ్డంగా రెక్కలు సగం విప్పి నిలబడుతుంది, దాని కింద పిల్లలు తల దాచుకుంటాయి. మేత తెచ్చిన తల్లి చేపలను గూటి నేల మీద కక్కుతుంది, పిల్లలు ఏరుకుంటాయి. గూడబాతు పిల్ల అయితే తల మొత్తం తల్లి గొంతు సంచిలోకి దూర్చేస్తుంది. నత్తగుల్ల కొంగ పెద్దదైతే రెండు ముక్కు దబ్బల మధ్య సందు కనిపిస్తుంది. పిల్లకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. ఫొటోలో వయసు పోల్చుకోవడానికి అదో గుర్తు. నత్తగుల్ల కొంగ పిల్లలు అయిదు వారాలకు గూడు విడుస్తాయి, ఎర్రకాళ్ల కొంగవి రెండు నెలలకు. గూడబాతు పిల్లలు మూడు నుంచి అయిదు నెలల దాకా గూటినీ దాని చుట్టుపక్కలనూ వదలవు. ఒకే చెట్టును పదిహేను రోజులకోసారి ఒకే చోటి నుంచి తీస్తే ఆ పెరుగుదల మొత్తం మీ చేతికి వస్తుంది.

మాటు

ఊరి బయట పొలంలో చిన్న పిట్టల గూటికి అయితే మాటు కావాలి. నాలుగు వెదురు కర్రలు, మట్టిరంగు గుడ్డ లేదా గోనె పట్టా, మనిషి కూర్చోగలిగినంత ఎత్తు. గుడ్డ గాలికి రెపరెపలాడకుండా నాలుగు వైపులా బిగించి కట్టాలి, ఆ కదలికకే పిట్టలు బెదురుతాయి. మొదటి రోజు 40 మీటర్ల దగ్గర నిలబెట్టి ఖాళీగా వదిలేయండి. మర్నాడు 30, ఆ తర్వాత 20, ఆపైన 15. జరిపిన ప్రతిసారీ పక్షి పది నిమిషాల్లో గూటికి వచ్చిందో లేదో దూరం నుంచి బైనాక్యులర్‌తో చూసి, రాకపోతే వెనక్కి జరపాలి. లోపలికి ఇద్దరు వెళ్లి ఒకరు బయటికి వచ్చి దూరంగా నడిచి వెళ్లిపోతే మనిషి వెళ్లిపోయాడని పక్షి కుదుటపడుతుంది. పొలం యజమానిని ముందే అడగండి, లేకుంటే కుతూహలంతో ఊరంతా అక్కడే చేరుతుంది.

రోడ్డు పక్క గూడైతే కారే మంచి మాటు. ఇంజన్ ఆపాలి, లేకుంటే అదురుకు ఫొటో చెడుతుంది. పాత జీన్స్ ప్యాంటు కాలు కోసి రెండు కిలోల బియ్యం పోసి రెండు చివరలా కుట్టేస్తే కిటికీ అంచు మీద లెన్స్ నిలబెట్టుకోవడానికి దిండు తయారు. ఫ్లాష్ గూటి దగ్గర ఎప్పుడూ వద్దు. ఫోన్‌లో పక్షి కూత వినిపించి రప్పించడమూ వద్దు. ఎవరో పరాయి పక్షి తన హద్దులోకి వచ్చిందనుకుని మగపక్షి మేత మానేసి వెతుకుతుంది.

చట్టం కూడా గూటిని గట్టిగానే కాస్తోంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘వేట’ అనే మాటకు చెప్పిన అర్థంలోనే అడవి పక్షుల గుడ్లు పాడుచేయడం, గుడ్లనూ గూళ్లనూ కదిలించి ఇబ్బంది పెట్టడం చేర్చింది. తుపాకి పట్టక్కర్లేదు, గూడు కదిపితే చాలు. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన కొల్లేరు లాంటి చోట్ల ఫొటోలకు అటవీ శాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి.

ఫొటో పెట్టేటప్పుడు చోటు పేరు రాయొద్దు. ఫోన్‌తో తీసినదైతే అందులో దాగి ఉండే లొకేషన్ వివరం తీసేసి, పిల్లలు ఎగిరిపోయాక పెట్టండి. పైడికంటె, గుడ్లగూబల విషయంలో ఇది మరీ ముఖ్యం. క్షుద్రపూజల పేరుతో వాటిని పట్టి అమ్మేవాళ్లు మన దేశంలో ఇంకా ఉన్నారు.

కింద పడిన పిల్ల

ఒంటి నిండా ఈకలుండి, తోక పొట్టిగా ఉండి, నేల మీద గెంతుతున్న పిల్ల తప్పిపోయింది కాదు. ఎగరడం నేర్చుకుంటోంది. తల్లి దగ్గర్లోనే ఉంది, మనం ఉన్నందుకే రావడం లేదు. రోడ్డు మీద ఉంటే పక్క పొదలోని కొమ్మ మీద పెట్టి వెళ్లిపోండి. ఈకలు లేని పిల్ల అయితే దాని గూడు వెతికి అందులో పెట్టండి. మనిషి చేయి తగిలితే తల్లి ముట్టదన్నది అపోహే; వాసన చూసి పిల్లను వదిలేసే అలవాటు పక్షులకు లేదు. జాలిపడి నోట్లో నీళ్లు మాత్రం పోయొద్దు. పక్షి శ్వాసనాళం ద్వారం నాలుక వెనకే తెరుచుకుని ఉంటుంది, పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. పాలు, అన్నం కూడా వద్దు. చెరువు చెట్టు మీది నుంచి కొంగ పిల్ల పడితే దానంతట అది పైకి చేరలేదు, మనం ఎక్కితే గుంపు మొత్తం లేస్తుంది. నీడలో ఉంచి అక్కడి అటవీ సిబ్బందికి చెప్పండి.

ఇక వానాకాలం గిజిగాళ్ల సంగతి. కాలువ గట్టు తాటిచెట్లకు, ఈతచెట్లకు వేలాడే గూళ్లలో కింద గొట్టం లేకుండా, బోర్లించిన గంపలా ఆగిపోయినవి కనిపిస్తాయి. వదిలేసినవనుకుని కోసి డ్రాయింగ్ రూములో తగిలిస్తుంటారు. మగపక్షి కడుతూ కడుతూ అక్కడ ఆపి, ఆడపక్షి వచ్చి చూసి ఒప్పుకునే దాకా ఎదురుచూస్తుంది. ఆ గంప దాకా రావడానికే సుమారు ఎనిమిది రోజులు పడుతుంది. ఆడపక్షి ఒప్పుకుంటే తక్కినది కట్టి, ఆ తర్వాత మరో చోట ఇంకో గూడు మొదలెడుతుంది. ఫొటోకు మంచి ఘట్టం అదే: కొసకు తలకిందులుగా వేలాడుతూ రెక్కలు టపటపలాడించే పసుపు మగపక్షి. గాలి లేని పొద్దున, 2500వ వంతు సెకను, ఫోకస్ గూటి అంచు మీద. ఆ సీజను ముగిశాక నిజంగా ఖాళీ అయిన గూళ్లను కూడా చెట్టునే ఉండనివ్వండి. గడ్డిగింజలు తినే జీనువాయిలు గిజిగాడి పాత గూళ్లలో చేరి రాత్రులు తలదాచుకుంటాయి, గుడ్లూ పెడతాయి.